నిప్పంటునా, అంటదా?



గడచిన శ్రావణమాసమున మా యింట జరిగిన చిన్న సంగతియే ఈ నెల ముచ్చటకు మూలము. వరలక్ష్మీవ్రతమునాడు మా అమ్మాయి గోళ్ళరంగు తుడుచుకొని, ఆ మందుసీసాను మూత బిగింపకయే దీపపుకుందె చెంత నుంచినది. మేము మందలింపగా, “భయము లేదమ్మా! దీనిమీద ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని యున్నది. ఇన్‌కరెక్ట్ అనగా సరికానిది, ఇన్‌విజిబుల్ అనగా కనబడనిది. అట్లే ఇది నిప్పంటనిది” అనెను. మేము ముందు సీసాను దూరముగా దీసి, అర్థము తరువాత జెప్పితిమి. ఆ సీసాలోనిది ఎసిటోను. దాని ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి, కొంత దూరముననున్న దీపమునైనను అందుకొనగలదు.

మావారు మరునాడు తమ తరగతిలో నీ మాటకు అర్థమడుగగా, పెక్కుమంది పిల్లలు మా అమ్మాయి పక్షమే వహించిరట. పిల్లల తర్కమును తప్పుపట్టలేము. తప్పు మాటలోనే యున్నది.

ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ అను రెండు విశేషణములకును అర్థమొక్కటియే: సులభముగా నిప్పంటుకొనునది. లాటినుభాషలో ‘ఇన్’ అను ఉపసర్గములు రెండు గలవు. ఒకటి ‘కాదు’ అనునది. రెండవది ‘లోనికి’ అనునది. ఇక్కడిది రెండవది. మంటలోనికి దెచ్చుట, అనగా రగుల్చుట, అను క్రియనుండి యీ మాట పుట్టినది. శరీరమున వాపును మంటయు గలిగినపుడు వైద్యులు చెప్పు ‘ఇన్‌ఫ్లమేషన్’ దీని తోబుట్టువే.

మన పెద్దలు చదివించిన అమరకోశమున ‘ఉత్తమ’, ‘అనుత్తమ’ శబ్దములు శ్రేష్ఠమను నొకే యర్థమున ప్రక్కప్రక్కనే కూర్చున్నవి. ‘అనుత్తమ’ అనగా ఉత్తమము కానిదని బాల్యమున మేమును భ్రమపడితిమి. తనకంటె ఉత్తమము వేరొకటి లేనిదని తండ్రిగారు దిద్దిరి. అచ్చట నిషేధమున్నను మాటను కొట్టివేయదు. ఇచ్చట నిషేధమే లేదు. అయినను చదువరి పడు గోయి ఒక్కటియే. అమరములో పొరబడినచో మార్కు పోవును. సీసామీద పొరబడినచో చీరచెంగు అంటుకొనును.

ఇన్‌ఫ్లేమబుల్ అనునది 17వ శతాబ్ది తొలినాళ్ళనుండి వాడుకలో నున్న మాట. ఫ్లేమబుల్ 1813లో కనబడినను చాలకాలము మూలబడియుండెను. 1920ల దశాబ్దమున అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘమువారు, ప్రాణహాని కలుగునను భయముచేత, చిన్నమాటనే వాడుడని ప్రోత్సహించిరి. బ్రిటిషు ప్రమాణముల సంస్థవారును 1959లో ఆ మార్గమునే యనుసరించిరి. మన దారులలో పోవు పెట్రోలు లారీలమీద మాత్రము పాతమాట నేటికిని కనబడుచున్నది.

కావున మనము వ్రాయవలసి వచ్చినపుడు, సీసాలకును డబ్బాలకును ‘ఫ్లేమబుల్’ అనియే వ్రాయుదము. నిప్పంటనిదానిని ‘నాన్‌ఫ్లేమబుల్’ అందుము. మాటకుముందే భగ్గుమను కోపమును వర్ణించుటకు ‘ఇన్‌ఫ్లేమబుల్’ మిగులును. అచ్చట ఫ్లేమబుల్ ఒప్పదు.

చదువునపుడు రెండింటిని ఒక్కటిగానే యెంచుడు. నేడే పరిమళపు తుంపరడబ్బాలు, చేతులు శుద్ధిచేయు ద్రవములు, రంగుడబ్బాలు త్రిప్పి చూచి, పొయ్యికి దీపమునకు దవ్వుగా నుంచుడు. ఇంగ్లీషు రాని అత్తగారికిని పనిమనిషికిని వానిమీది మంటబొమ్మను చూపుడు. ఆ బొమ్మకు ఉపసర్గము లేదు.