చేతుల మాట ఆగిపోకూడదు



మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సిగ్నలు తగ్గి ఫోనులో బొమ్మ ఆగిపోతే, వినగల బిడ్డ మాటలనైనా వింటాడు. వినికిడి లేని బిడ్డకు ఆ బొమ్మే మాట. అది ఆగితే పాఠమే ఆగిపోతుంది.

కనుక సైగల భాషను ఆన్‌లైన్‌లో నేర్పేవారు పాఠమును రికార్డు చేసి బిడ్డకు ముందే అందించాలి. గురువు ముఖము, చేతులు వెలుగులో కనబడాలి. తెలుగు అక్షరములు చేతులను కప్పకూడదు. చదువుటకు, చూచుటకు కన్నులు ఒకేసారి చాలవు. మధ్య మధ్య ఆగాలి.

ఇంటర్నెట్ లేని ఇంటికీ దారి ఉంది. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము సైగల భాష కొరకు పి.ఎం. ఈ-విద్య 31వ టీవీ ఛానలును ప్రారంభించింది.

తల్లిదండ్రులారా, బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టకండి. ప్రక్కనే కూర్చొని రోజుకు రెండు సైగలు నేర్చుకోండి. నేర్చినది ఇంట్లో ఎవరికీ అర్థము కాకపోతే, తన భయమును ఎవరితో చెప్పుకుంటాడు?

నేనూ అలాంటి బిడ్డను ఎన్నో ఆదివారములు చిరునవ్వుతోనే సాగనంపాను. మార్కు 7వ అధ్యాయములో యేసు ప్రభువు చెవిటివానిని ఏకాంతమునకు తీసికొనిపోయి, మాట పలుకక ముందే చేతితో ముట్టెను. మనమూ చేతులతోనే మొదలుపెడదాము.