కార్డు మన చేతిలో, ఎంపిక ఎవరి చేతిలో?

ఆరోగ్యశ్రీ గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక మాట గర్వంగా చెబుతారు: పేదవాళ్లు కూడా ఇప్పుడు నచ్చిన ఆసుపత్రికి వెళ్లగలుగుతున్నారని. 2007లో మూడు జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతా విస్తరించిన ఈ పథకం పేరు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. జాబితాలో ఉన్న ఏ ఆసుపత్రికైనా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, కార్డు పట్టుకుని వెళ్లవచ్చు. కాగితం మీద ఇది నిజమే. అయితే ఆడవాళ్ల తరఫున ఆ ఎంపిక ఎవరు చేస్తున్నారు?

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు పనికీ, పొలం కూలికీ వెళ్లే స్త్రీలను అడిగాను. "మనం ఎంచుకునేదేంటండీ, డాక్టరుగారు ఎక్కడికెళ్లమంటే అక్కడికే" అన్నారు. ఇక్కడ డాక్టరుగారంటే ఊళ్లోని ఆర్.ఎం.పి. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, అప్పు పెడతాడు. పంపిన కేసుకు ఆసుపత్రి నుంచి కమీషను ముడుతుందనీ అందరికీ తెలుసు. అతన్ని తిట్టి లాభం లేదు. సాయంత్రమైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు దొరకని చోట అతనే దిక్కు. అతని తర్వాత మాట భర్తది, అత్తది. తోడెవరు వస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నది ఆ తర్వాత. అమలాపురం వెళితే ఒక పూట కూలి పోతుంది. 60 కిలోమీటర్లకు పైనున్న కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఇల్లంతా కదలాలి.

ఈ ఎంపిక ఎక్కడికి దారి తీసిందో గర్భసంచి ఆపరేషన్లు చెబుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అనో, నెలసరి ఎక్కువవుతోందనో వెళ్లిన మనిషికి క్యాన్సర్ భయం పెట్టి, ముప్పై అయిదేళ్లకే ఆపరేషను బల్ల ఎక్కించారు. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారడం వంటి బాధలు ఆ తర్వాత మొదలవుతాయి. వాటికి ప్యాకేజీ లేదు. అసలు పథకం డబ్బు కట్టేది ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకుని చేసే చికిత్సకే. ఓపిగ్గా కూర్చోబెట్టి, "ఇది మందులతో తగ్గుతుందమ్మా" అని చెప్పి పంపే డాక్టరుకు దానివల్ల దక్కేది లేదు.

గొడవ పెద్దదయ్యాక ఈ ఆపరేషనును ప్రైవేటు ప్యాకేజీల నుంచి తీసి సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేశారు. మనలో చాలామంది దాన్ని స్వాగతించాం. నేను సగమే స్వాగతిస్తాను. స్త్రీల వైద్యురాలు లేని సర్కారు ఆసుపత్రికి పొమ్మంటే, నిజంగా అవసరమున్న స్త్రీ పుస్తెలు తాకట్టు పెట్టి ప్రైవేటుకే పోతుంది. అవసరం లేని ఆపరేషనూ అక్కడే నగదుకు జరుగుతూనే ఉంటుంది.

బ్రిటన్‌లో రోగి ఆసుపత్రిని ఎంచుకునే హక్కు 2006 తర్వాతే విస్తరించింది. కానీ 1948 నుంచీ ప్రతి కుటుంబానికీ ఒక డాక్టరు ఉన్నాడు, పంపినందుకు కమీషను తీసుకోనివాడు. మన దగ్గర ఆ మెట్టు కట్టకుండానే మేడ మీద గది ఎంచుకోమంటున్నారు!

కాబట్టి మనం అడగవలసింది ఆసుపత్రుల జాబితాను ఇంకా పొడిగించమని కాదు. ఆపరేషనుకు ముందు, ఆ ఆసుపత్రితో సంబంధంలేని మరో వైద్యురాలి అభిప్రాయం ఉచితంగా కావాలి. అందుకు దారిఖర్చులూ, పోయిన కూలీ కూడా ఇవ్వాలి. ఆమె ఒంటరిగా డాక్టరుతో మాట్లాడే వీలుండాలి. అనవసర గర్భసంచి ఆపరేషన్ల నివారణకు కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. వాటిని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. కోనసీమ 2022లోనే జిల్లా అయింది. ఆ కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, పీచు పని చేసే ఒక్క స్త్రీనైనా పిలిచారా అని మన సంఘాలు అమలాపురం కలెక్టరేటుకు రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి.