దుప్పటి ఎత్తి చూచామా?



2022 క్రిస్మసుకు ముందు మేము మా సంఘపు యౌవనస్థులను, స్త్రీల సమాజము వారిని వెంటబెట్టుకొని టౌనులోని ఒక వృద్ధాశ్రమమునకు వెళ్ళాము. ప్రతి మంచము దగ్గర పాట పాడి, ప్రార్థన చేసి, ఒక్కొక్కరికి రెండేసి ఆపిల్ పండ్లు, ఒక తువ్వాలు ఇచ్చి, ఫోటో తీయించుకొని బయలుదేరాము. గుమ్మము దగ్గర అక్కడి ఆయా, "అయ్యగారూ, పండ్లు తెచ్చారు, సంతోషమే. కాని ఇక్కడ సగము మందికి పళ్ళు లేవండీ" అన్నది.

మేము నవ్వాము. ఆమె నవ్వలేదు. మమ్మును చివరి మంచము దగ్గరకు తీసికొనిపోయి దుప్పటి ఎత్తి చూపింది. అక్కడ ఉన్నది మా ఊరి అవ్వే. ఇరవై ఏండ్లు మా గుడిలో ముందు చాప మీద కూర్చున్న మనిషి. నడుము క్రింద ఎముక దగ్గర అరచేతి వెడల్పున పుండు. పది నిమిషముల క్రిందట ఆ మంచము దగ్గరే మేము ప్రార్థన చేశాము!

"నొప్పిగా ఉన్నదని చెప్పలేదేమి అవ్వా?" అని అడిగితే, "పాట పాడుతున్నారు గదయ్యా, మధ్యలో ఎందుకులే అనుకున్నాను" అన్నది.

తలిదండ్రులను ఆశ్రమములో చేర్చిన బిడ్డలను మేము ప్రసంగములలో చాలాసార్లు గద్దించాము. అయితే ఈ అవ్వ కుమారుడు కువైట్‌లో డ్రైవరు. కోడలు తెల్లవారకముందే మిరప కోతకు పోవాలి. మంచము పట్టిన మనిషిని రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పే చెయ్యి ఆ ఇంట లేదు. ఆశ్రమములో మాత్రము? రాత్రివేళ అన్ని మంచములకు ఒక్కతే ఆయా. కాబట్టి చేర్చుట తప్పని ఇప్పుడు మేము అనము. చేర్చి, నెలనెలా డబ్బు కట్టి, మన పని అయిపోయినదనుకొనుటే తప్పు. ఆ తప్పు కుమారునిది మాత్రమే కాదు, సంఘముగా మనది కూడా.

మరి వెళ్ళినప్పుడు ఏమి చూడాలి? ఆ తరువాత ఒక నర్సమ్మ మాకు నేర్పిన సంగతులు ఇవి.

ఎంతసేపూ ఒకే ప్రక్కన పడుకొని ఉంటే, ఎముకకు పరుపుకు మధ్య చర్మము నలిగి, రక్తము ఆడక పుండు పడుతుంది. నడుము క్రింది ఎముక, తుంటి, మడమలు చూడండి. అక్కడ చర్మము ఎర్రగా గాని నల్లగా గాని కమిలి, వేలితో నొక్కి తీసినా ఆ రంగు మారకపోతే పుండు మొదలైనట్లే. అక్కడ నూనె రాసి రుద్దకూడదు. ఆ ప్రక్క మీద పడుకోనివ్వక, వెంటనే నర్సుకు చెప్పాలి.

పెదవులు, నాలుక ఎండినవేమో చూడండి. ముసలితనములో దాహము అంతగా తెలియదు, వారు అడగరు. అన్నము పెట్టేటప్పుడు నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, తిన్న తరువాత అరగంట అలాగే ఉంచండి. లేనియెడల మెతుకులు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. నిన్నటివరకు బాగున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండ మాట్లాడితే, వయసు మీదపడిందిలే అని వదలివేయకండి. ఒంటిలో నీరు తగ్గినా, మూత్రములో ఇన్‌ఫెక్షను ఉన్నా అలా జరుగుతుంది. డాక్టరుకు చూపాలి. కళ్ళజోడు తుడిచి పెట్టండి. పేరు పెట్టి పిలవండి.

2007లో వచ్చిన తలిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము ప్రకారము, పోషించవలసినవారే వృద్ధులను దిక్కులేకుండ విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు పడవచ్చును. చట్టము డబ్బు కట్టించగలదు. దుప్పటి ఎత్తి చూడమని ఎవరికి చెప్పగలదు? సిలువ మీద ఉండి కూడ మన ప్రభువు తన తల్లిని చూచి జాలిపడి ఊరుకోలేదు. ఆమెను చూచుకొనుటకు ఒక శిష్యునికి అప్పగించాడు.

ఇప్పుడు మా సంఘములో ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని ప్రతి శనివారము వెళ్ళుచున్నాము. అవ్వ పుండు మానుటకు అయిదు నెలలు పట్టింది. మా సంచిలో ఇప్పుడు ఆపిల్ పండ్లు లేవు; మాగిన అరటిపండ్లు, ఒక నెయిల్ కట్టరు ఉంటాయి. పాట చివర పాడతాము. మొదట, "ఎక్కడ నొప్పిగా ఉన్నదమ్మా?" అని అడుగుతాము.