పేరు చెరిపేశారని ఏడ్చే ముందు, పేరు రాసిపెట్టండి



ఎక్కడో ఒక షహర్ పేరు మారుస్తారని ఖబర్ వస్తే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో తుఫాను. "మన తారీఖ్ చెరిపేస్తున్నారు!" సరే భాయీ, ఒక్క సవాల్. అచ్చంపేటలో మీ మొహల్లాకి ఆ పేరెలా వచ్చింది? మీ ఖబరస్తాన్ పక్క చేనుని మీ దాదా ఏమని పిలిచేవారు? జవాబు లేదు. ఇంకొకరు చెరపడానికి అసలు మనం రాసిందేది?

మా అబ్బా నికాహ్‌నామాలో మా ఊరు 'అచ్చంపేట్'. ఇంగ్లీషు అక్షరాల్లో స్కూలు సర్టిఫికెట్లో ఒక స్పెల్లింగు, రేషన్ కార్డులో ఇంకొకటి. నాగర్‌కర్నూలు జిల్లాలోనూ ఒక అచ్చంపేట ఉంది. మీది ఏ అచ్చంపేట అంటూ ఒక ఆఫీసు మా కాగితాలు రెండుసార్లు తిప్పి పంపింది.

ప్రతి లిపికీ ఒక కమ్జోరీ. ఉర్దూలో 'ళ' లేదు, పిడుగురాళ్ల సరిగ్గా రాయలేం. జేర్, జబర్ పెట్టం కనుక కొత్తవాడు ఊరి పేరు ఎలాగైనా చదువుతాడు. తెలుగులో మన 'ఖాఫ్', 'జే' పలకవు. ఇంగ్లీషు అక్షరాల్లో రెండు వైపులా నుక్సాన్. అందుకే రెండు లిపుల్లోనూ రాయాలి.

"అది సర్కారు పని" అంటారా? రెండు వందల ఏళ్ల కింద కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి ఊళ్ల వృత్తాంతాలు సేకరించారు. వాటి పేరేమిటి? కైఫియత్తులు. మన జబాన్ మాటే! ఐర్లండ్‌లో జాన్ ఓడొనవన్ 1830 నుంచి సర్వే పటాల కోసం ఊరి పేర్లు వెతికాడు. ముసలివాళ్ల నోట విన్నాడు, పాత స్పెల్లింగులన్నీ పక్కపక్కన పెట్టాడు, గేలిక్ రూపం రాశాడు. పటం మీద ఇంగ్లీషు రూపాలే పడ్డాయి. కానీ అసలు పేర్లకు గవాహీ ఇస్తున్నవి ఆ నోట్‌బుక్కులే.

జల్సాల్లో మనవాళ్లు చెప్పే కిస్సాలు కూడా ఆపాలి. గోల్కొండ కాలంలో గుంటూరు సీమను ముర్తుజానగర్ అన్నారు, కొండపల్లిని ముస్తఫానగర్ అన్నారు. వీటికి సబూత్ ఉంది. కర్నూలు మాత్రం కందెనవోలు అరిగి వచ్చిన మాట, మనం పెట్టిన పేరు కాదు. 2005లో ఇంగ్లీషు 'కుడ్డపా'ను 'కడప' చేయడం దిద్దుబాటు, చెరిపివేత కాదు. ఈ ఫరఖ్ తెలియకుండా అరిస్తే, రేపు నిజమైన ఫిర్యాదుని ఎవరు వింటారు?

ఇక అసలు నష్టం. భూముల రీసర్వేలో నంబరు మిగులుతుంది, చేను పేరు మిగలదు. పాత ఇనాం కాగితంలో 'ఫలానా దర్గా చేను' అని ఉంటుంది. ఆ చేను చూపించగల చివరి బుజుర్గు పోయిన రోజు ఆ కాగితం గూంగా అయిపోతుంది. అప్పుడు ఏ వక్ఫ్ కేసులో ఏం చూపిస్తారు?

ఈ జుమా తర్వాత ఒక నోట్‌బుక్కు కొనండి. పేరు రెండు లిపుల్లో రాయండి. పలికే తీరు ఫోన్లో రికార్డు చేయండి. ఎవరు చెప్పారో, వారి వయసెంతో రాయండి. పాత కాగితాల ఫోటో తీయండి. మన నానీలనే కాదు, పక్కింటి అవ్వనీ, పాత కరణం గారింటి వాళ్లనీ అడగండి. జవాబు దొరక్కపోతే 'మాలూమ్ నహీఁ' అని రాయండి, కథ అల్లొద్దు.

మీ నానీ ఈ రోజు ఇంట్లోనే ఉంది. వెళ్లి అడగండి.