బ్యాకప్ ఉంది మామూ!

"బ్యాకప్ ఉంది మామూ, ఫికర్ చెయ్యొద్దు" అన్నాడు మా భాంజా.

మార్టూరులో వాడిది చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ దుకాణం. షాదీ రుఖాలకు ఇన్‌పేజ్‌లో ఉర్దూ, అనూలో తెలుగు కొడతాడు. పింఛను కాగితాలు, స్కాలర్‌షిప్ ఫారాలు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్ మీదే. ఆరోజు ఒక బచ్చీ ఫారానికి ఆఖరి తారీఖు. ప్రింటు తీసి సాయంత్రంలోగా కాలేజీలో ఇవ్వాలి. ప్రింటర్ మాత్రం ఉలకదు, పలకదు.

సంగతి ఏంటంటే, ముందు రాత్రి వాడు ఏదో వీడియో చూసి, కంప్యూటర్ తేజ్ అవుతుందని ఒక ఫైలు నడిపాడు. అది 'బేకార్' అనుకున్న సర్వీసులన్నీ ఆపేసింది. అందులో ప్రింట్ స్పూలర్ కూడా ఉంది.

సర్వీసులంటే తెర వెనక పనిచేసే నౌకర్లు. ఒక్కొక్కరికి విండోస్ రిజిస్ట్రీలో ఒక నంబరు ఉంటుంది. 2 అంటే కంప్యూటర్‌తో పాటు లేవాలి, 3 అంటే పిలిస్తే రావాలి, 4 అంటే పిలిచినా రావొద్దు. స్పూలర్ ముందు 4 పడింది.

మరి వాడి బ్యాకప్? పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు, రుఖాల ఫైళ్లు, ఒక రిజిస్ట్రీ నఖల్. ఆ నఖల్ పాత కంప్యూటర్‌ది! నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వేరే మెషీన్ సెట్టింగులు ఇందులో పోస్తే ఉన్నది కూడా పోతుంది. ఇదే మెషీన్‌దైనా, అలాంటి నఖల్ పాత విలువల్ని తిరిగి రాస్తుందే గానీ కొత్తగా చేరినవాటిని తుడవదు. రీస్టోర్ పాయింట్ చూద్దామంటే సిస్టమ్ ప్రొటెక్షన్ అసలు ఆన్‌లోనే లేదు.

చివరికి సర్వీసుల జాబితా తెరిచి, ఒక్కొక్కటి చేత్తో సరిచేశాం. ఈలోగా బచ్చీని బైక్ మీద ఎక్కించుకుని వాళ్ల అబ్బా చిలకలూరిపేట పరుగెత్తాడు. అల్‌హందులిల్లాహ్, ఫారం చేరింది. కానీ దుకాణం దిగుతున్నప్పుడు ఆయన మొహం నేను మర్చిపోలేను.

సర్వీసు ఆపడమే గునా అనను. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడ్డప్పుడు స్పూలర్ ఆపమని మైక్రోసాఫ్టే సలహా ఇచ్చింది. ఆపినవాడు ఏం ఆపాడో రాసిపెట్టుకోకపోవడమే గలత్.

"ఫార్మాట్ కొట్టిస్తే పోయె కదా" అంటారు కొందరు. ఫార్మాట్ విండోస్‌ని ఇస్తుంది. ప్రింటరు, ఉర్దూ కీబోర్డు, ఫాంట్లు, ఏళ్లుగా సర్దుకున్న సెట్టింగులు ఇవ్వదు. అవీ మన మెహనతే. ఫొటోలు దాచుకుని బ్యాకప్ ఉందనుకోవడం పెద్ద గలత్‌ఫహ్మీ.

ఒకప్పుడు విండోసే రిజిస్ట్రీ నఖల్ తీసి రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్లో పెట్టుకునేది. 2018లో వచ్చిన 1803 వెర్షన్ నుంచి, జాగా ఆదా కోసం, అది ఆగిపోయింది. ఇప్పుడు ఆ జిమ్మేదారీ మనదే.

చేయాల్సింది కష్టమేం కాదు. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి. ఏది మార్చబోయినా ముందు రీస్టోర్ పాయింట్ పెట్టండి. దాన్ని వెనక్కి తెచ్చినా మీ ఫొటోలు, కాగితాలు కదలవు. ఆ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములే పోతాయి. విండోస్ లేవని రోజు కోసం ఒక రికవరీ పెన్‌డ్రైవ్ తీసిపెట్టుకోండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ పంపిన ఒక్క తప్పు ఫైలుకి ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మన దుకాణాలెంత!

అన్నిటికన్నా ముఖ్యం, తీరిక ఉన్న రోజు ఒకసారి రీస్టోర్ చేసి చూడండి. హిఫ్జ్ చేసిన బచ్చా దౌర్ మానేస్తే ఏమవుతుందో మన ఇళ్లల్లో చెప్పక్కర్లేదు. ఇమ్తెహాన్ పెట్టని బ్యాకప్ కూడా అంతే. ఉందన్న భరోసా ఉంటుంది, అక్కరకు మాత్రం రాదు.

జనం కాగితాలు మన చేతిలో అమానత్. మా భాంజా ఇప్పుడు నెలకోసారి చూసుకుంటున్నాడు. మీరు ఆఖరి తారీఖు దాకా ఆగకండి.