గోడలో ఏముందో బిల్డర్‌ని అడిగారా?

లక్షలు పోసి ఫ్లాట్ కొనేటప్పుడు మనవాళ్ళు అడిగేవి ఇవీ: టైల్స్ ఏ కంపెనీ, పార్కింగ్ ఎక్కడ, వాస్తు కుదిరిందా. గోడలో వైర్లు ఎటు నుంచి ఎటు పోయాయో అడిగినవాడు నాకైతే కనపడలేదు. అదే ఆఫీసులో డాక్యుమెంటేషన్ లేని కోడ్ చేతికిస్తే మాత్రం ఎక్కడలేని కోపం!

బ్రిటన్‌లో బీఎస్ 7671 అని నియమావళి ఉంది. గోడలో 50 మిల్లీమీటర్ల లోతైనా లేని మామూలు కేబుల్ స్విచ్చో ప్లగ్గో ఉన్నచోటు నుంచి నిలువుగానో అడ్డంగానో పోవాలి, లేదా గోడ పైఅంచుకో మూలకో 150 మిల్లీమీటర్లలోపు ఉండాలి. అంటే స్విచ్ చూస్తే ఎక్కడ మేకు కొట్టకూడదో తెలుస్తుందన్నమాట. మనదగ్గరేమో పైపు కలిసొస్తుందని ఐమూలగా లాగేసి, సిమెంటు మెత్తేసేవాళ్ళు బోలెడు. టీవీ తగిలించే కుర్రాడు దేవుడి మీద భారం వేసి డ్రిల్ పెట్టాల్సిందే.

"ఎంసీబీ ఉందిగా సార్" అంటారు. అది కాపాడేది వైరుని, మనిషిని కాదు. ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదోవంతు చాలు; 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. "అది ఊరికే ట్రిప్పవుతుంది" అని పీకేసేవాళ్ళూ ఉన్నారు. ఫెయిలైన టెస్టుని డిలీట్ చేసి రిలీజ్ ఇచ్చినట్టు! కరెంటు ఎక్కడ లీకవుతోందో వెతకండి బాబూ.

ప్లాస్టరింగ్ కాకముందే ప్రతి గోడకీ టేపు పెట్టి ఫోటోలు తీయండి. ఐమూల పైపులు ఒప్పుకోకండి. నెలకోసారైనా ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. బిల్డర్ విసుక్కుంటాడా? విసుక్కోనివ్వండి. ఆ ఇంట్లో ఉండబోయేది ఆయన కాదుగా!