పాంగ్లాంగు మాట

బర్మా దేశమున ఏటేటను ఫిబ్రవరి 12వ తేదీ ఐక్యదినముగా పాటింపబడుచున్నది. 1947లో ఆ దినముననే షాన్ సీమలోని పాంగ్లాంగు అను చిన్న యూరియందు బర్మీయ నాయకుడగు ఆంగ్ సాన్, షాన్, కచిన్, చిన్ జాతుల పెద్దలు కూడి యొక ఒడంబడికపై చేవ్రాళ్లు చేసిరి. తమ సీమల యంతఃపరిపాలనమున కొండజాతులకు పూర్ణ స్వాతంత్ర్య ముండునని యందలి ముఖ్యాంశము. నేడు పండుగ మిగిలియున్నది. మాట మాత్రము మిగులలేదు.

ఆ దేశపు సేనానులు చెప్పు వాద మొకటి కలదు. జాతికొక సాయుధదళ ముండగా దేశమెట్లు నిలుచును? ముందు వారు తుపాకులు దింపవలెను, పిమ్మట హక్కుల మాట చూతము అని వారందురు. మన పాఠకులలోను ఈ మాటకు తల యూపువారు కొందరుందురని మే మెఱుగుదుము. ఒక రాజ్యమున రెండు సైన్యములు తగవనుట మాకును సమ్మతమే. కాని ఆ తుపాకులు కొండవారి చేతి కెట్లు వచ్చెనో విచారింపనిదే తీర్పు చెప్పుట న్యాయము గాదు.

ఆంగ్లేయులు మైదానమునకొక పరిపాలనమును, కొండసీమలకు వేఱొక పరిపాలనమును ఏర్పఱచి, సైన్యమున కరెన్, కచిన్, చిన్ యువకులను చేర్చుకొని, బర్మీయులను చాలవఱకు దూరముగ నుంచిరి. 1942లో జపాను సేనల వెంట బర్మా స్వాతంత్ర్య సేన ప్రవేశింపగా, కరెనులు ఆంగ్లేయుల పక్షమువారని ఐరావతీ నదీ ముఖద్వార ప్రాంతమున ఘోరమైన హత్యలు జరిగెను. ఆ గాయము మానకయే స్వరాజ్యము వచ్చినది. పాంగ్లాంగులో కరెనులు చేవ్రాలు చేయలేదు. ఆంగ్ సాన్ 1947 జూలై 19న హతుడయ్యెను. 1948 జనవరి 4న దేశము స్వతంత్రమైన పిమ్మట ఏడాది తిరిగీ తిరుగకముందే రంగూను శివారగు ఇన్‌సీన్‌లో కరెను దళములకును ప్రభుత్వమునకును యుద్ధము రేగెను. అప్పటి సేనాధిపతి స్మిత్ డన్ స్వయముగా కరెను జాతీయుడు! ఆయనను తప్పించి నే విన్‌ను నిలిపిరి. చిన్ సిపాయిలు మాత్ర మా కష్టకాలమున ప్రభుత్వ పక్షముననే నిలిచి పోరిరి. కొండవారందఱును ద్రోహులనువారు దీనిని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

తరువాతి కథ మాట తప్పుటలోనే గడచినది. 1961లో బౌద్ధము రాజ్యమతమయ్యెను. క్రైస్తవులు మిక్కిలిగా గల కచిన్ సీమలో ఆ యేడే కచిన్ స్వాతంత్ర్య సేన పుట్టెను. 1962 ఫిబ్రవరిలో షాన్ ప్రభువులు మొదలగువారు రంగూనునకు వచ్చి, నిజమైన సమాఖ్య రాజ్యాంగమును కోరుచు చర్చింపసాగిరి. వారు తెచ్చినవి వినతులే గాని తుపాకులు గావు. మార్చి 2న నే విన్ అధికారమును లాగికొని వారిని చెఱసాలకు పంపెను. ఆ సేనాని పాలనమే 1964లో అంగళ్లను జాతీయము చేసి, కోరంగి రేవు నుండి ఓడలెక్కి పోయిన మన తెలుగువారి సంతతిని సైతము వెడలునట్లు చేసినది. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేట యా కాలపు గుర్తే.

ప్రైవేటు సైన్యములు వలదను ఈ సేనానులే వానిని పెంచిరనుట అన్నిటికంటె వింత. 1963 ప్రాంతమున, తిరుగుబాటుదారుల నణచుటకని షాన్ సీమలో ‘కా క్వే యే’ అను పేర స్థానిక దళములను లేపిరి. జీతమునకు మాఱుగా నల్లమందు వర్తకమునకు దారి విడిచిరి. పేరుమోసిన ఖున్ సా, లో షింగ్ హాన్ ఆ నీడననే పెరిగినవారు. 1973లో ఆ దళములను రద్దుచేసిరి గాని, వర్తకమును తుపాకులును ప్రభుత్వపు టుత్తరువుతో మాయమగునా? 2009లో మరల, యుద్ధవిరమణ చేసిన దళములన్నియు సైన్యము క్రింద సరిహద్దు కావలివారుగా మాఱవలెనని ఆజ్ఞ యయ్యెను. కచినులు ఒప్పుకొనలేదు. పదునేడేండ్ల విరామము 2011లో భగ్నమయ్యెను.

అంతమాత్రమున ఈ దళములన్నియు నిర్దోషులని మేమనము. 2017లో బర్మా సైన్యము ఏడు లక్షలకు మించిన రొహింగ్యాలను బంగ్లాదేశమునకు తఱిమెను. నేడు ఆరకానులో మిగిలినవారు, అచ్చట బలపడిన ఆరకాను సేన చేతను హింసల పాలగుచున్నామని మొఱపెట్టుచున్నారు. తనకు కోరిన హక్కును తన క్రిందివానికి నిరాకరించువాడు సేనానులకు శిష్యుడే యగును.

2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల అధికారము నపహరించిన పిదప ఒక పెద్ద మార్పు కలిగినది. కొండజాతులను తిరుగుబాటుదారులని విని పెరిగిన మైదానపు బర్మీయ యువకులు వారి యడవులలోనే ఆశ్రయము పొంది, యుద్ధవిద్య నేర్చుకొనిరి. 2023 అక్టోబరు 27న మూడు జాతుల సేనలు కలసి దండెత్తగా, 2024 ఆగస్టులో లాషియో పట్టణమందలి సైనిక ముఖ్యస్థావరము పడిపోయెను. 2025 ఏప్రిలులో ఆ పట్టణము సైన్యమునకు తిరిగి దక్కినది, స్వశక్తిచే గాదు, చీనా మధ్యవర్తిత్వముచే! దేశైక్యమునకు తామే కావలివారమనువారి గౌరవ మిట్లున్నది.

ముందు ఆయుధములా, ముందు ఒడంబడికయా అను ప్రశ్నకు సరిహద్దు కీవల సమాధానము కలదు. 1966లో ఐజాలుపై మన ప్రభుత్వమే విమానములచే బాంబులు వేయించెను. మిజోల తిరుగుబాటు దానిచే నాగలేదు. 1986 జూన్ 30న ఒడంబడిక కుదిరిన తరువాత దళములు ఆయుధములు దింపెను; 1987లో మిజోరాము రాష్ట్రమయ్యెను. అడవిలో నుండిన లాల్‌డెంగా ముఖ్యమంత్రి యయ్యెను. బర్మా చినులు ఆ మిజోలకు బంధువులే.

2015 అక్టోబరు 15న ఎనిమిది దళములు చేసికొన్న యుద్ధవిరమణ ఒడంబడికపై మన దేశమును సాక్షిగా చేవ్రాలు చేసినది. సాక్షికి బాధ్యత లేదా? దిల్లీ ప్రభుత్వము సేనానులతో మాత్రమే గాక చిన్, కచిన్, ఆరకాను నాయకులతోను బహిరంగముగా మాటలాడవలెను. మిజోరామున తలదాచుకొన్న చిన్ కుటుంబములను యుద్ధము చల్లాఱువఱకు వెనుకకు పంపరాదు.